ఇంట్లో బీటెక్ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే, ఇక్కడ ఎవరిని ఏం అడగాలో కూడా తెలియట్లేదు

నడిగడ్డ_పిల్ల:
అందరికీ నమస్తే. నేను బీటెక్ ఫస్టియర్, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి). హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ కాలేజీ, కన్వీనర్ కోటాలో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద (ఫీజు ప్రభుత్వం కడుతుంది) సీటు వచ్చింది. మాది గద్వాల దగ్గర పల్లెటూరు. అమ్మా నాన్నా సీడ్ పత్తి చేలల్లో కూలికి పోతారు, క్రాసింగ్ సీజన్‌లో మా అన్న కూడా వాళ్ళతోనే. అమ్మ తరఫు, నాన్న తరఫు కలిపి చూసినా ఇంటర్ దాటింది నేనొక్కదాన్నే. పది దాకా తెలుగు మీడియం, ఇంటర్ గవర్నమెంట్ కాలేజీలో, అది పేరుకే ఇంగ్లిష్ మీడియం, సార్లు పాఠం తెలుగులోనే చెప్పేవాళ్ళు.

వచ్చి ఒక సెమిస్టర్ కావస్తోంది. చదువు కష్టంగా ఉంటుందని అనుకునే వచ్చా. కానీ చదువు కాని విషయాలే ఎక్కువ సతాయిస్తున్నాయి. క్లాసులో మిగతావాళ్ళందరికీ ఎవరో ముందే అన్నీ చెప్పి పంపినట్టు ఉంటుంది. ఏ క్లబ్‌లో చేరాలి, రికార్డు మీద సంతకం ఎప్పుడు పెట్టించుకోవాలి, ఇంటర్నల్స్ ఎలా వేస్తారు, కోడింగ్ ఎప్పటినుంచి మొదలుపెట్టాలి, అన్నీ తెలుసు వాళ్ళకి. నేను వాట్సాప్ గ్రూపులో వాళ్ళు మాట్లాడుకునేది చదివి, అదేంటో తర్వాత గూగుల్‌లో వెతుక్కుంటున్నా. సీ ల్యాబ్‌లో మొదటిరోజు ఫ్లవర్ బ్రాకెట్ కీబోర్డు మీద ఎక్కడుందో దొరకలేదు, షిఫ్ట్ నొక్కితే వస్తుందని తెలియదు. పక్క సిస్టమ్ మీద అమ్మాయి అప్పటికే ప్రోగ్రామ్ రన్ చేసేసి ఫోన్ చూసుకుంటోంది. తను ఆరో తరగతి నుంచీ కంప్యూటర్ నేర్చుకుందట.

మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, మ్యాథ్స్ పోయింది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఫస్టు వచ్చినవా బిడ్డా" అంటుంది. పదిలో మా స్కూల్ ఫస్టు వచ్చా కదా, ఆమెకి అదే లెక్క. సంక్రాంతికి వెళ్ళి ఇక తిరిగి రాకుండా, వచ్చే ఏడాది గద్వాలలోనే డిగ్రీలో చేరిపోదామని ఉంది. ఇలా వచ్చి నిలబడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. తిట్టినా పర్లేదు.

సూటిగా_చెప్తా:
తిట్టమన్నావు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. ఇప్పుడు అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. సీ ప్రోగ్రామింగ్ తెలుగులో చెప్పేవాళ్ళే బోలెడు మంది. మాది పల్లెటూరు, మా ఇంట్లో చదువుకోలేదు అంటే ప్లేస్‌మెంట్స్‌లో ఎవడూ వినడు. రోజూ రెండు గంటలు కూర్చుని ప్రాక్టీస్ చెయ్. డిగ్రీలో చేరితే మాత్రం ఇవన్నీ ఉండవా?

ఉద్దానం_కుర్రాడు:
@సూటిగా_చెప్తా అన్నా, ఆమె ప్రోగ్రామింగ్ రావట్లేదని రాయలేదు, పోస్టు ఇంకోసారి చదువు. యూట్యూబ్‌లో వెతకాలంటే అలాంటిదొకటి ఉందని ముందు తెలియాలి కదా. నేను విశాఖలో చదివా. ఇంటర్న్‌షిప్ అనే మాట థర్డ్ ఇయర్ సగం అయ్యాక విన్నా. మా రూమ్మేట్‌కి వాళ్ళ మావయ్య సెకండియర్ సెలవుల్లోనే ఒకటి ఇప్పించాడు. అవే సెలవుల్లో నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి మా నాన్నతో వెళ్ళి మూటలు మోశా. అందులో చిన్నతనమేం లేదు, డబ్బులొచ్చాయి, సెమిస్టర్ ఫీజుకి పనికొచ్చాయి. కానీ ఒకే బెంచీలో కూర్చుని ఒకేలా చదివిన ఇద్దరికీ రెజ్యూమె రాసే రోజున వాడికి రాసుకోవడానికి ఉంది, నాకు లేదు. మీ నాన్నగారు ఏం చేస్తారన్నా?

సూటిగా_చెప్తా:
ఇరిగేషన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్). దానికీ దీనికీ ఏంటి సంబంధం?

ఉద్దానం_కుర్రాడు:
నేను ఇందాకటి నుంచీ చెప్తున్న సంబంధం అదే :)

కోఠి_అక్క:
చెల్లీ, కాస్త పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు. నేను డిగ్రీ కోఠి ఉమెన్స్ కాలేజీలో, పీజీ ఒక సెంట్రల్ యూనివర్సిటీలో చేశా. మా నాన్న హమాలీ, అమ్మ బీడీలు చుట్టేది. ఇంగ్లిష్ ఒక ఏడాది ఇబ్బంది పెట్టింది, తర్వాత పోయింది, అది అందరికీ పోతుంది. పోనిది ఇంకోటి ఉంది. అడగడం.

చదువుకున్న ఇళ్ళలో పిల్లలకి అడగడం అన్నం తిన్నంత మామూలుగా అలవాటైపోతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, స్కూల్లో వాళ్ళ నాన్న నిలబడి "ఎందుకు కాదు? ఎవరిని కలవాలి? రాసివ్వండి" అనడం చిన్నప్పటి నుంచీ చూస్తారు. మన ఇళ్ళలో చూసేది వేరు. ఎమ్మార్వో ఆఫీసులో మా నాన్న చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాడు. రేపు రమ్మంటే సరే సార్ అని దండం పెట్టి వచ్చేసేవాడు. మనకీ అదే వస్తుంది. సార్‌ని డౌట్ అడగడమంటే ఏదో మేలు చేయమని వేడుకుంటున్నట్టు ఉంటుంది మనకి.

నా పీజీలో జరిగింది చెప్తా. స్కాలర్‌షిప్ డబ్బు యూనివర్సిటీకి రాలేదు, ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఆపారు. నాకూ, నా క్లాస్‌మేట్‌కీ ఒకేరోజు, ఒకటే సమస్య. ఆ అమ్మాయి అకౌంట్స్ సెక్షన్ కౌంటర్ దగ్గరే నిలబడి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది, ఆయన ఏదో చెప్పాడు, అక్కడే తెల్లకాగితం తీసుకుని "స్కాలర్‌షిప్ విడుదల కాగానే చెల్లిస్తాను, పరీక్షకు అనుమతించగలరు" అని రాసి, హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) చేత ఫార్వర్డ్ చేయించి, గంటలో హాల్ టికెట్ తీసుకుని వెళ్ళిపోయింది. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నా. మా సీనియర్ ఒకామె చూసి అదే లెటర్ నాతో రాయించింది. నాకూ గంటే పట్టింది.

అందుకని ఆఫీసు పని ఏదైనా నోటితో చెప్పి రావొద్దు. లెటర్ రాయి, "త్రూ హెచ్ఓడీ" అని పెట్టు, రెండు కాపీలు తీసుకెళ్ళు, ఒకటి వాళ్ళకిచ్చి రెండో దాని మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర (అందిందని వేసేది) వేయించుకుని నీ దగ్గర పెట్టుకో. ముద్ర ఉన్న కాగితం చేతిలో ఉంటే వాళ్ళు మాట్లాడే తీరే మారిపోతుంది, ఇది చాలాసార్లు చూశా. ఇంగ్లిష్‌లో రాయడం భయమైతే రెండు ముక్కలే రాయి, తప్పులున్నా ఎవరూ మార్కులు తీసేయరు.

నడిగడ్డ_పిల్ల:
అక్కా, మా నాన్న కూడా అచ్చం అంతే. అడ్మిషన్ రోజు కాలేజీకి వచ్చి సోఫా ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. ఒక సందేహం. మ్యాథ్స్ సార్ క్లాసంతా ఇంగ్లిష్‌లోనే చెప్తారు. నేను వెళ్ళి తెలుగులో అడిగితే బాగుంటుందా?

లెక్కల_మాష్టారు:
అమ్మా, నేను ఇంజనీరింగ్ కాలేజీలోనే ఫస్టియర్ మ్యాథ్స్ చెప్తాను (మీ కాలేజీ కాదులే, అనుకుంటున్నా). నిక్షేపంగా తెలుగులో అడుగు. స్టాఫ్‌రూమ్‌లో మేమంతా మాట్లాడుకునేది తెలుగే.

మా వైపు నుంచి ఒక మాట. ఒక్కో సెక్షన్‌లో అరవై మందికి పైనే ఉంటారు, నాకు మూడు సెక్షన్లు. ఎవరికి అర్థం కాలేదో నాకు కనబడదు. ముందు బెంచీల్లో తల ఊపే నలుగురిని చూసి అందరికీ అర్థమైందనుకుని ముందుకు పోతాం, సిలబస్ తరుముతుంటుంది. వచ్చి అడిగేవాళ్ళు ఎవరో తెలుసా? అప్పటికే ముప్పావు వంతు వచ్చినవాళ్ళు. అసలేమీ రానివాళ్ళు రారు. వస్తే మాత్రం "సార్ నాకేమీ రావట్లేదు" అంటారు, దానికి ఎవరైనా ఏం చెప్తారు? ఒక లెక్క పట్టుకుని వెళ్ళు. నువ్వు ఎక్కడిదాకా చేశావో కాగితం మీద ఉండాలి, ఆగిపోయిన లైను చూపించు. ఆ ఒక్క లైను నుంచి నీకు ఇంటర్‌లో ఏం తప్పిపోయిందో మాకు తెలిసిపోతుంది. భోజనాల వేళ వెళ్ళకు, మధ్యాహ్నం చివరి పీరియడ్ అయ్యాక వెళ్ళు.

ఇంకోటి, మిడ్ పోయిందంటే సబ్జెక్ట్ పోయినట్టు కాదు. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 రెగ్యులేషన్ అయితే ఇంటర్నల్స్ 40, చివరి పరీక్ష 60, రెండు మిడ్ల సగటు తీస్తారు, అసైన్‌మెంట్‌కి విడిగా మార్కులుంటాయి. మీది అటానమస్ (పరీక్షలు తనే పెట్టుకునే కాలేజీ) అయితే లెక్క వేరుగా ఉండొచ్చు. మీ రెగ్యులేషన్ పుస్తకం కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మొదటి పది పేజీలు చదివితే చాలు. పిల్లలు నాలుగేళ్ళూ అది తెరవకుండా ఒకళ్ళ నోట ఒకళ్ళు విన్న మాటలతో బతికేస్తారు, నాకు అదే ఆశ్చర్యం. హాజరు మాత్రం నిర్లక్ష్యం చేయకు. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ (తక్కువైన హాజరు మన్నించడం) అడగొచ్చు. 65 కూడా లేకపోతే డిటెయిన్ చేస్తారు, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆపేస్తారు, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. పత్తి పనుల టైమ్‌లో ఇంటి నుంచి రమ్మని ఫోన్ వస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకో.

నూజివీడు_నేస్తం:
నాది కొంచెం వేరే కథ. పది అయిపోగానే ట్రిపుల్ ఐటీ నూజివీడులో చేరా. తెలియనివాళ్ళకి చెప్తున్నా, 2008లో ఆర్‌జీయూకేటీ (ఈ ట్రిపుల్ ఐటీలు నడిపే యూనివర్సిటీ) పెట్టింది పల్లెటూళ్ళ పిల్లల కోసమే, పదో తరగతి మార్కులతో సీటు, రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్ళు ఇంజనీరింగ్. గవర్నమెంట్ స్కూల్లో చదివినవాళ్ళకి అడ్మిషన్లో కాస్త వెయిటేజీ కూడా ఉంటుంది. దానివల్ల ఏమైందంటే నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నాలాంటివాళ్ళే. ఇంగ్లిష్ ఎవరికీ రాదు కాబట్టి ఎవరికీ సిగ్గు లేదు, తప్పులతోనే మాట్లాడేసేవాళ్ళం. ఎవరి నాన్నా ఏఈ కాదు (సారీ అన్నా).

ఆ ఆరేళ్ళూ నాకు నువ్వు చెప్పే బాధ తెలియనే తెలియదు. బెంగళూరులో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళినప్పుడు ఒక్కసారే తెలిసింది. టీమ్ లంచ్‌కి తీసుకెళ్ళారు, మెనూ చేతికిచ్చారు, దాంట్లో ఒక్కటీ తెలియదు, పక్కవాడు చెప్పిందే నేనూ చెప్పా. వచ్చింది తినలేకపోయా. సాయంత్రం రూమ్‌కి వెళ్ళి పెరుగన్నం కలుపుకున్నా. మేనేజర్‌ని పేరుతో పిలవాలంటే నోరు రాలేదు, నాలుగు నెలలూ సార్ అనే అన్నా. అంటే ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. నీకు మొదటి ఏడాదే వచ్చింది, నాకు ఆఖర్లో వచ్చింది. ఏది నయమో నాకు నిజంగా తెలియదు. మొదటే వస్తే కోలుకోవడానికి ఇంకా మూడేళ్ళుంటాయి కదా అనిపిస్తుంది.

బ్యాక్‌బెంచ్_బాబాయ్:
డిగ్రీకి మారడం గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు, నేను రాస్తా. డిగ్రీ తక్కువ, బీటెక్ ఎక్కువ అని నేను అనను. గద్వాలలో డిగ్రీ చేసి గ్రూప్స్ కొట్టినవాళ్ళూ, టీచర్లయినవాళ్ళూ ఉన్నారు. నీకు ఇంజనీరింగే ఇష్టం లేకపోతే మారిపో, ఒక ఏడాది పోతే పోయింది. కానీ నువ్వు రాసినదాంట్లో ఈసీఈ ఇష్టం లేదని ఒక్క ముక్క కూడా లేదు.

మారాలనుకుంటే ముందే తెలుసుకోవాల్సినవి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేరావు కాబట్టి మధ్యలో మానేస్తే కొన్ని కాలేజీలు "ప్రభుత్వం నుంచి మాకు రావాల్సింది రాలేదు, అది నువ్వు కట్టు, మిగతా ఏళ్ళ ఫీజు కూడా కట్టు, అప్పుడే సర్టిఫికెట్లిస్తాం" అంటాయి. ఒరిజినల్స్ అలా తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలని చూసే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది, ఇంజనీరింగ్ కాలేజీలని చూసే ఏఐసీటీఈ కూడా అదే చెప్తుంది. అయినా పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటూనే ఉన్నారు, పేద పిల్లల మీదే ఈ ఆట ఎక్కువ. నీ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి ఫోన్లోనూ మెయిల్లోనూ పెట్టుకో, ఉన్నా మానేసినా అవసరమే.

డబ్బు సంగతి. ఫ్రెషర్స్ పార్టీకి, టీ షర్టులకి, ఎవడిదో బర్త్‌డేకి చందాలు అడుగుతారు. "నా దగ్గర లేవు" అని మొదటిసారే చెప్పెయ్. కడుపునొప్పి అని, ఊరెళ్తున్నా అని సాకులు చెప్పడం మొదలుపెడితే నాలుగేళ్ళూ కొత్త సాకులు వెతుక్కోవాలి. నేను చెప్పేసేవాణ్ణి, ఇద్దరు ముగ్గురు దూరం జరిగారు, మిగతావాళ్ళు ఇప్పటికీ ఫ్రెండ్సే. లోన్ యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా పోకు. మా జూనియర్ ఒకడు ఫోన్ కోసం తీసుకుంటే వాళ్ళ కాంటాక్ట్స్‌లో ఉన్న ప్రతివాళ్ళకీ, ఆఖరికి వాళ్ళ ఊరి సర్పంచ్‌కి కూడా ఫోన్లు వెళ్ళాయి.

సూటిగా_చెప్తా:
సరే, మా నాన్న ఏఈ, ఒప్పుకుంటా. కానీ మీరంతా ఆమెకి ఓదార్పు చెప్తున్నారు, ఇంగ్లిష్ సంగతి వదిలేస్తున్నారు. లెక్చరర్ తెలుగులో చెప్తాడు సరే, ఇంటర్వ్యూ తెలుగులో చేయడు కదా. అది దానంతటదే పోతుంది అని @కోఠి_అక్క అనడం నాకు నచ్చలేదు. పోదు. పని చేస్తేనే పోతుంది.

సిరిసిల్ల_మగ్గం:
ఈ ఒక్క విషయంలో @సూటిగా_చెప్తా అన్నతో నేను ఏకీభవిస్తా. నేను డిప్లొమా చేసి ఈసెట్ (డిప్లొమావాళ్ళు రాసే ఎంట్రన్స్) రాసి సెకండియర్‌లో చేరినవాణ్ణి. నాన్న పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. ఇంగ్లిష్ దానంతటదే రాలేదు. నేను చేసింది చెప్తా. రోజూ ఒక పేజీ పైకి చదివేవాణ్ణి, టెక్స్ట్‌బుక్‌లోదే, హాస్టల్ టెర్రస్ మీద. అర్థం కోసం కాదు, నోరు తిరగడానికి. తర్వాత క్లాసులో సెమినార్ ఉంటే నాకు నేనే పేరు ఇచ్చుకునేవాణ్ణి. మొదటిసారి కాళ్ళు వణికాయి, వెనకనుంచి నవ్వారు, మేడమ్ కూడా నవ్వు ఆపుకుంది, నేను చూశా. మూడోసారికి ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ వినట్లేదు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. మనల్ని అంత శ్రద్ధగా ఎవరూ గమనించరు, అది తెలిశాక సగం భయం పోయింది.

ఇంకోటి కూడా చెప్పాలి. పేరెంట్స్ మీటింగ్‌కి నాన్నని పిలవకుండా ఎలా తప్పించాలా అని చూసేవాళ్ళు చాలామంది ఉంటారు. మా నాన్న వచ్చాడు, లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని, ఆ ప్యాంటు పెళ్ళిళ్ళకి మాత్రమే తీస్తాడు. మేడమ్ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది. నేను "మేడమ్, నాన్నకి తెలుగులో చెప్పండి" అన్నా. చెప్పింది. అంతే. నాన్న బయటికొచ్చాక "మీ మేడమ్ మంచిది, అన్నీ అర్థమయ్యేటట్టు చెప్పింది" అన్నాడు.

డాలస్_దారిలో:
నేను ఎమ్మెస్‌కి అమెరికా వచ్చా, ఇక్కడ యూనివర్సిటీలో లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేస్తా. ఇక్కడ మనలాంటివాళ్ళని ఫస్ట్ జనరేషన్ అని విడిగా గుర్తిస్తారు, చాలా యూనివర్సిటీల్లో వాళ్ళ కోసం ఒక ఆఫీసు, మెంటర్లు ఉంటారు. నవంబర్ 8న వాళ్ళ పేరుతో ఒక రోజు కూడా జరుపుతారు. 1965లో ఇక్కడి ఉన్నత విద్య చట్టం మీద సంతకం జరిగిన తేదీ అది. మా ప్రొఫెసర్ ఒకాయన తన ఆఫీసు తలుపు మీద నేనూ ఫస్ట్ జనరేషనే అని స్టిక్కర్ అంటించుకున్నాడు. చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డా. మన దగ్గర కులం అడుగుతారు, ఆదాయం అడుగుతారు, వాటికి సర్టిఫికెట్లడుగుతారు, మంచిదే, వాటివల్లే సీట్లొచ్చాయి. కానీ ఇంట్లో మొదటి మనిషి అయితే లోపలికొచ్చాక ఏం కావాలో చూసే ఆఫీసు నేను చదివినచోట లేదు. మొదటి ఏడాది పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టాలని ఏఐసీటీఈ చెప్పింది, మా చోట అది గెస్టుల ఉపన్యాసాలతోనే అయిపోయింది. మూడు వారాల్లో ఒక్క పూట "అకౌంట్స్ సెక్షన్‌లో లెటర్ ఎలా ఇవ్వాలి" అని చెప్పి ఉంటే ఎంతమందికి పనికొచ్చేదో.

లెక్కల_మాష్టారు:
@డాలస్_దారిలో ఆ ఇండక్షన్‌లో మైక్ పట్టుకునేవాళ్ళలో నేనూ ఉంటాను. వచ్చే ఏడాది ఆ లెటర్ సంగతి పెట్టిస్తాను, మా ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే.

హాస్టల్_రూమ్_నంబర్_లేదు:
ఆడపిల్లల సంగతి ఇంకా ఒకటుంది, మగవాళ్ళకి తట్టదు. ఇంటి నుంచి ఒక్క ఏడాది బయటికి వచ్చాక ఫెయిలయ్యామని తెలిస్తే "ఇక చాలు, సంబంధం చూస్తాం" అనేస్తారు. అందుకే మ్యాథ్స్ పోయినట్టు ఇంట్లో చెప్పలేం. చెల్లీ, నీకు ఇంట్లో ఆ ఒత్తిడి ఉందా లేదా నాకు తెలియదు, ఉంటే మాత్రం అమ్మకి మిడ్ అంటే ఏంటో ముందు చెప్పు. స్కూల్లో యూనిట్ టెస్ట్ లాంటిదే, అసలు పరీక్ష ఇంకా ముందుందని చెప్పు. మా అమ్మకి అలాగే చెప్పా. ఇప్పుడు ఫోన్ చేసి "రెండో యూనిట్ ఎప్పుడు" అని అడుగుతుంది.

డబ్బు లేక ఇంటికి వెళ్ళకుండా ఉండిపోకు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో మన ఆడవాళ్ళకి మహాలక్ష్మి ఉంది కదా, ఆర్టీసీ బస్సుల్లో ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్ డబ్బులుండవు. నేను నెలకోసారి వెళ్ళి అమ్మ చేతి తిండి తిని వస్తా, చదువు కూడా ఆ వారం బాగా సాగుతుంది.

ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ గురించి తెలుసా? టెక్నికల్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకి, ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. ఫస్టియర్‌లోనే పెట్టుకోవాలి, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవాళ్ళకి షరతులుంటాయి, గైడ్‌లైన్స్ చదివి, కాలేజీలో స్కాలర్‌షిప్ చూసే క్లర్క్‌ని అడిగాకే పెట్టు, లేకపోతే ఉన్నదానికే చిక్కు వస్తుంది.

రాత్రిళ్ళు మరీ బరువుగా అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నేను ఒకసారి చేశా. అవతల ఆమె సలహాలేం ఇవ్వలేదు, వింది.

ఉద్దానం_కుర్రాడు:
సీనియర్ల దగ్గరికి వెళ్ళడానికి భయపడేవాళ్ళకి ఒక ముక్క. ర్యాగింగ్ జరిగితే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, అడ్మిషన్‌లో అఫిడవిట్ రాయించుకున్నారు కదా, అది కూడా దీని గురించే. కానీ ప్రతి సీనియరూ అలాంటివాడు కాదు. మీ జిల్లావాళ్ళు, మీ గురుకులంవాళ్ళు, మీ బస్సువాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. పాత పుస్తకాలు, ల్యాబ్ కోటు, పాత పేపర్లు అన్నీ అక్కడే దొరుకుతాయి, జెరాక్స్ షాపులో డబ్బులు పోసి కొనక్కర్లేదు.

నడిగడ్డ_పిల్ల:
అందరి పోస్టులూ రెండుసార్లు చదివా. ఇవాళ ఒకటి చేశా. చివరి పీరియడ్ అయ్యాక మ్యాథ్స్ సార్ దగ్గరికి ఒక లెక్క పట్టుకుని వెళ్ళా. క్వాడ్రాటిక్ ఫామ్‌ది, సగంలో ఆగిపోయింది. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి వెళ్ళాలా వద్దా అనుకుంటుంటే వేరే మేడమ్ "ఎవరు కావాలి" అని అడిగింది. సార్ కాగితం చూసి "ఇక్కడ డిటర్మినెంట్ తప్పు తీశావ్, ఇంటర్ ఫస్టియర్‌ది, అది రాదా?" అన్నారు. కొంచెం విసుగ్గానే అన్నారు. కానీ చెప్పారు. ఇంకో లెక్క ఇచ్చి రేపు చూపించమన్నారు. నాతోపాటు మా క్లాస్ అమ్మాయి ఒకతె కూడా వచ్చింది, తనకీ అదే రాదట, నేను అడుగుతానంటే వస్తానంది. ఆ అమ్మాయి సీబీఎస్ఈ. నేను ఆశ్చర్యపోయా.

ఉండాలా వెళ్ళాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళి అమ్మతో మాట్లాడాక చూస్తా. ప్రగతి గురించి మా స్కాలర్‌షిప్ సార్‌ని అడిగితే "నీకు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, మళ్ళీ ఎందుకు" అన్నారు. గైడ్‌లైన్స్ ప్రింట్ తీసుకుని మళ్ళీ వెళ్తా, ఈసారి లెటర్‌తో, రెండు కాపీలు :)

@లెక్కల_మాష్టారు సార్, రెండో మిడ్‌కి ఇంకా రెండు వారాలే ఉంది. మ్యాట్రిసెస్ అండ్ కాలిక్యులస్‌లో దేనితో మొదలుపెట్టాలి? మొదటి యూనిట్ నుంచీ ఏదీ సరిగ్గా రాదు.

సూటిగా_చెప్తా:
సీ ల్యాబ్ కోసం నా పాత ప్రోగ్రామ్‌లు డ్రైవ్‌లో ఉన్నాయి, ప్రతి లైనుకీ తెలుగులో కామెంట్లు రాసుకున్నా. లింక్ మెసేజ్‌లో పెడతా. కాపీ కొట్టకు, టైప్ చెయ్.

లెక్కల_మాష్టారు:
రెండో మిడ్‌కి కాలిక్యులస్ వైపు యూనిట్లే వస్తాయి కాబట్టి అటు ముందు. పార్షియల్ డిఫరెన్షియేషన్‌తో మొదలుపెట్టు, ఇంటర్‌లో డిఫరెన్షియేషన్ వచ్చి ఉంటే అది రెండు రోజుల పని. తర్వాత మాగ్జిమా మినిమా, లగ్రాంజ్ పద్ధతి, ఎక్కువ పేపర్లలో ఒక ప్రశ్న కనబడుతుంది. డబుల్ ఇంటిగ్రల్స్‌లో ఆర్డర్ మార్చే లెక్కలు బొమ్మ గీసే చెయ్, గీయకుండా చేస్తే లిమిట్స్ తప్పుతాయి. ట్రిపుల్ ఇంటిగ్రల్స్ చివర్లో, టైముంటేనే. మొదటి రెండు యూనిట్లు మిడ్ అయ్యాక చివరి పరీక్షకి చూసుకోవచ్చు, ర్యాంక్, ఐగెన్ వాల్యూస్, కేలీ హామిల్టన్ వస్తే చాలా మార్కులు అక్కడే ఉన్నాయి. డిటర్మినెంట్లు మాత్రం ఈ ఆదివారమే కూర్చుని ఓ పది చెయ్, అవి రాకపోతే ఇవేవీ రావు. ఆగిపోయిన లైను ఇక్కడ ఫోటో పెట్టినా చూస్తాను.